సినిమా హాల్లో వచ్చిన కన్నీళ్లు భక్తి అవుతాయా?

మన వీడియోల కింద ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తుంటుంది. "గుడికి వెళ్తే నాకేమీ అనిపించదు, కానీ ఏదైనా పాట వింటే ఏడుపొచ్చేస్తుంది. నాలో భక్తి లేదా?" ఈ ప్రశ్న నా ఫ్రెండ్ కూడా అడిగాడు. వాడికి దొరికిన సమాధానమే ఈ పోస్టు. దారి కొంచెం వింతగా ఉంటుంది. ఒక ఇంగ్లిష్ పాటల సినిమా దగ్గర మొదలై మేడారం దాకా వెళ్తుంది.

2023 నవంబర్ 3న టేలర్ స్విఫ్ట్ 'ఎరాస్ టూర్' సినిమా మన దేశంలో విడుదలైంది. అందులో కథ లేదు, హీరో లేడు. ఆ ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్ దగ్గర సోఫై స్టేడియంలో జరిగిన కచేరీలను షూట్ చేసి, దాదాపు రెండు ముప్పావు గంటల సినిమాగా థియేటర్లకు ఇచ్చారు. వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచీ నా ఫ్రెండ్ ఆమె పాటలు వింటాడు. వాడి కోసమే నేనూ వెళ్లాను, హైదరాబాద్‌లో చూశాం. హాల్లో అమ్మాయిలు పూసల బ్రేస్‌లెట్లు కట్టుకొచ్చి, ముక్కూ మొహం తెలియని వాళ్లకి కూడా పంచారు. తెర ముందుకెళ్లి డాన్స్ చేశారు. మన స్టార్ హీరో సినిమా మొదటి ఆట ఎలా ఉంటుందో అలాగే ఉంది, కాగితం ముక్కలు ఎగరలేదు, అంతే తేడా.

మధ్యలో 'మార్జొరీ' అనే పాట వచ్చింది. చనిపోయిన తన అమ్మమ్మ మార్జొరీ ఫిన్లే గురించి టేలర్ రాసుకున్న పాట అది. ఆ అమ్మమ్మ కూడా గాయనే. 2020లో వచ్చిన అసలు రికార్డింగులో ఆమె పాత గొంతు కూడా వెనకాల వినిపిస్తుంది. తెర మీద స్టేడియం అంతా ఫోన్ లైట్లు వెలిగాయి. పక్కకి చూస్తే మావాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

వాడిని పెంచింది వాళ్ల నానమ్మ. ఆ వేసవిలోనే పోయింది.

బయటికొచ్చాక పార్కింగ్‌లో అన్నాడు: "నానమ్మ పోయినప్పుడు గూడ నేను ఇట్ల ఏడ్వలే రా. పదో దినం నాడు కండ్లల్ల నీళ్లు రాలే. గుడికి పోతే అసలే ఏమనిపిస్తలేదు. ఎవరో అమెరికా ఆమె వాళ్ల అమ్మమ్మ మీద పాడితే ఏడ్చిన. ఇది తప్పు గాదా?"

తప్పేమీ కాదు

పదో రోజున వాడు ఏం చేస్తున్నాడో నాకు గుర్తుంది. టెంట్ వాడికి డబ్బులిచ్చాడు, వంటవాళ్లకి బియ్యం కొలిచి ఇచ్చాడు, వచ్చిన చుట్టాలను పలకరించాడు. ఏడవడానికి తీరిక ఎక్కడుంది? సినిమా హాల్లో చీకటి, చేతిలో పని లేదు, అడిగేవాళ్లు లేరు, చుట్టూ వందమంది ఒకే పాట పాడుతున్నారు. లోపల ఆగి ఉన్నది బయటికొచ్చింది. మన భజనలు చేసేదీ ఇదే పని. ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటి మూడూ వినడం, పాడటం, తలుచుకోవడం. మనిషి మనసు అక్కడి నుంచే తెరుచుకుంటుందని మన పెద్దలకు తెలుసు.

తెరకీ భక్తికీ పాత శత్రుత్వం కూడా ఏమీ లేదు. 1957లో 'మాయాబజార్' వచ్చాక తెలుగువాళ్లకి కృష్ణుడంటే ఎన్టీఆర్ ముఖమే గుర్తొచ్చేది. 1975లో 'జై సంతోషీ మా' ఆడుతుంటే జనం చెప్పులు బయట విడిచి హాల్లోకి వెళ్లారు, తెర మీదికి పూలు వేశారు. కాబట్టి మావాడి కన్నీళ్లు అపరాధం కాదు. నానమ్మని తలుచుకోవడానికి వాడికి దొరికిన మొదటి సందు అది.

మరి అదే భక్తా?

ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. "మా జనరేషన్‌కి కచేరీనే గుడి" అనే మాట ఈమధ్య వింటున్నాం. నాకు ఒప్పుకోవాలనిపించదు. సినిమా మన దగ్గర టికెట్ డబ్బులు తప్ప ఏమీ అడగదు. ఏసీలో కూర్చుంటాం, కదిలిపోతాం, ఇంటికెళ్తాం. మనం వెళ్లకపోయినా తర్వాతి ఆట అలాగే నడుస్తుంది.

నిజం చెప్పాలంటే ఈ మాట మన ఛానల్‌కి కూడా వర్తిస్తుంది. మెట్రోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అభిషేకం వీడియో చూస్తాం, ఒళ్లు పులకరిస్తుంది, వేలు పైకి జరిపితే ఇంకో వీడియో వస్తుంది. డప్పు శబ్దం ఏ సెకను దగ్గర పెంచితే చూసేవాళ్లకి రోమాలు నిక్కబొడుచుకుంటాయో ఎడిటింగ్‌లో కూర్చునే నాకు తెలుసు. ఆ పులకరింతనే భక్తి అనుకుంటే, టేలర్ అభిమానికీ మనకీ తేడా లేదు.

మాది కొత్తగూడ, మహబూబాబాద్ జిల్లా. సమ్మక్క భర్త పగిడిద్దరాజు ఉండే పూనుగొండ్ల ఒకప్పుడు మా మండలంలోదే, ఇప్పుడు గంగారం మండలంలో ఉంది. రెండేళ్లకోసారి జాతర వచ్చినప్పుడు పెనక వంశం పూజారులు ఆయన్ని అక్కడి నుంచి అడవి దారిలో కాలినడకన మేడారం తీసుకెళ్తారు. మేడారంలో విగ్రహం ఉండదు. గద్దెలు, వెదురు, కుంకుమ భరిణె, అంతే. మొదటిసారి వచ్చిన సిటీ ఫ్రెండ్స్ "చూడటానికి ఏముంది ఇక్కడ?" అని అడుగుతుంటారు. చూడటానికి తక్కువే. మోసుకెళ్లడానికే ఎక్కువ. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. మొక్కిన మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తల్లులకి సమర్పిస్తారు.

మావాడికి చిన్నప్పుడు జ్వరం ముదిరితే వాళ్ల నానమ్మ అదే మొక్కు మొక్కింది. ఒక జాతరకి పరీక్షలు, ఇంకో జాతరకి కరోనా, ఉద్యోగం, అలా తీరకుండానే ఆమె పోయింది. అప్పుడే తీర్చి ఉంటే పదిహేను కిలోలతో అయిపోయేది. ఇప్పుడు వాడు డెబ్బై ఒక్క కిలోలు!

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతర. శుక్రవారం నాడు వెళ్లాం. జంపన్న వాగులో స్నానం చేసి, బెల్లం సంచులు వాడూ నేనూ వాడి తమ్ముడూ పంచుకుని, ఆ జనంలో గంటలకొద్దీ నిలబడ్డాం. గద్దెల దగ్గర వాడికి దక్కింది కొన్ని సెకన్లు. బయటికొచ్చాక అడిగాను, "ఏమన్నా అనిపించిందా?"

"ఏం లేదు రా. భుజం గుంజుతుంది."

తర్వాత వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మా, నానమ్మ మొక్కు తీరింది" అన్నాడు. అవతల ఆవిడ ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. వాడు మాత్రం చాలాసేపు "ఆఁ... ఆఁ..." అంటూ నిలబడ్డాడు.

భావం లేని పని వట్టి తంతు కాదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ రోజు వాడు మోసింది తన కోసం కాదు, పోయిన మనిషి ఇచ్చిన మాట కోసం. దాన్ని తంతు అనలేను. భావం మనం పిలిస్తే రాదు. ఒకడికి గర్భగుడి ముందు వస్తుంది, ఒకడికి సినిమా హాల్లో వస్తుంది, ఒకడికి ఏళ్ల తరబడి రాదు. పని అలా కాదు, అది మన చేతిలో ఉంటుంది. పైగా ఈ రెండిటికీ సంబంధం ఉంది. హాల్లో ఆ ఏడుపు రాకపోయి ఉంటే మావాడికి మొక్కు సంగతి గుర్తొచ్చేదే కాదని నా నమ్మకం. పాట వాడిని నానమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడి నుంచి నడవాల్సింది వాడే.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే ఒక్కటే చెప్తున్నాను. ఏ పాటకి ఏడుపొచ్చినా సిగ్గుపడకండి, అది ఎవరి భాషలో ఉన్నా సరే. ఆ క్షణంలో మనసులోకి ఎవరొచ్చారో మాత్రం గుర్తుపెట్టుకోండి. వాళ్ల కోసం మీరు చేయాల్సింది ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. ఒక మొక్కు, ఒక ఫోన్ కాల్, ఊరికి ఒక ప్రయాణం. ఈ వారం అది చేయండి. మన వీడియో తర్వాత చూడొచ్చు.

సమ్మక్క సారలమ్మ తల్లులకు జై!