పాత లారీ బేరం: మౌనం కూడా మోసమేనా?

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు పెద్దలు. ఈ మాట కొత్త వస్తువు కంటే వాడిన వస్తువుకే ఎక్కువ సరిపోతుంది. కొత్త వస్తువుకు కంపెనీ నిర్ణయించిన ధర ఉంటుంది, గ్యారంటీ కాగితం ఉంటుంది. వాడిన వస్తువుకు ఆ రెండూ ఉండవు. దాని అసలు పరిస్థితి అమ్మేవాడికి తెలిసినంతగా కొనేవాడికి తెలియదు. బేరమంతా ఈ తేడా మీదే నడుస్తుంది. విశ్వాసికి పరీక్ష కూడా ఇక్కడే ఎదురవుతుంది.

2022 ఏప్రిల్ నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్న జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు అంతకు ముందు కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతంగా పేరు పొందినవి. సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, విజయవాడ-హైదరాబాదు జాతీయ రహదారి ఉన్నచోట లారీ అంటే ఒక ఇంటి జీవనాధారం. కొన్నేళ్ళు డ్రైవరుగా పనిచేసి, నాలుగు రూపాయలు వెనకేసి, చాలకపోతే ఇల్లాలి నగలు కుదువబెట్టి పాత లారీ కొనుక్కునే సోదరులు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. మిగతా సొమ్ముకు ఫైనాన్సును ఆశ్రయించడం, అందులోని వడ్డీ సమస్య వేరుగా చర్చించవలసినవి. ఇక్కడ మనం చూడవలసింది బేరాన్ని. ఆ బండిలో దాచిపెట్టిన లోపం ఒక్కటున్నా ఆ ఇల్లు ఏళ్ళ తరబడి కోలుకోదు.

లోపం ఎలా దాగుతుందో లారీ తోలినవారికి చెప్పనక్కరలేదు. ఛాసిస్ పగిలిన చోట వెల్డింగు పెట్టి పైన రంగు వేస్తారు. పొగ కక్కే ఇంజనులో చిక్కటి ఆయిలు పోస్తే ఆ పూటకు పొగ తగ్గుతుంది. తిరిగిన కిలోమీటర్ల లెక్కను వెనక్కి తిప్పుతారు. ఇవన్నీ చేతులతో చేసిన మోసాలు. వీటి విషయంలో సందేహానికి తావు లేదు. సందేహమల్లా రెండో రకం అమ్మకందారు విషయంలోనే. అతను రంగూ వేయలేదు, లెక్కా తిప్పలేదు. "బండి మీ కళ్ళెదురుగానే ఉంది అన్నా, చూసుకుని కొనుక్కోండి" అని మాత్రం అన్నాడు. గేరుబాక్సులో తేడా ఉందని అతనికి తెలుసు. చెప్పలేదు, అంతే. అతను అబద్ధమాడాడా?

ఈ ప్రశ్నకు మన దేశ చట్టం ఇచ్చే సమాధానం ఆలోచించదగినది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం నేటికీ అమలులో ఉంది. మోసమంటే ఏమిటో దాని 17వ సెక్షను చెబుతుంది. మాట్లాడి తీరవలసిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా మౌనమే మాటతో సమానమైనప్పుడు తప్ప ఊరకుండటం మోసం కాదని దాని సారాంశం. ఇందుకు ఆ చట్టం గుర్రం ఉదాహరణ ఇచ్చింది. ఒకతను తన గుర్రం ఆరోగ్యంగా లేదని తెలిసీ వేలంలో అమ్మాడు, లోపం గురించి నోరెత్తలేదు. ఇది మోసం కాదు. కొన్నది అప్పుడే మేజరయిన అతని కూతురైతే మాత్రం, ఆ బంధుత్వం వల్ల చెప్పడం అతని బాధ్యత అవుతుంది. ఇక కొనేవాడే, నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే భావిస్తానని ముందుగా అంటే, అప్పుడు అమ్మేవాడి మౌనం మాటతో సమానం.

మూడో ఉదాహరణను లారీ అడ్డాలో పెట్టి చూడండి. "ఇంజనుకు పనేమీ లేదుగా భాయ్? ఉంటే ఇప్పుడే చెప్పు, లేకపోతే బాగుందనే కొంటాను" అని కొనేవాడు అడిగాడు. అమ్మేవాడు ఏమీ అనకుండా టీ తెప్పించాడు. ఆ మౌనాన్ని చట్టం కూడా మాటగానే లెక్కిస్తుంది.

మనల్ని ఎక్కువగా ఆలోచింపజేయవలసింది మాత్రం కూతురి ఉదాహరణ. నోరు విప్పి చెప్పవలసిన బంధం ఒకటి ఉందని చట్టం ఒప్పుకుంది. కానీ దాన్ని ఇంటి గడప దగ్గరే ఆపింది. ఇస్లాం ఆ బంధాన్ని గడప దాటించి బజారు దాకా తీసుకెళ్ళింది. ముస్లిం ముస్లింకు సోదరుడని, లోపమున్న వస్తువును ఆ లోపం తెలియజేయకుండా సోదరునికి అమ్మటం అతనికి ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు ఇబ్నెమాజాలో ఉంది.

కొనేవాడు ముస్లిం కాకపోతే చెప్పనక్కరలేదా అని ఎవరైనా అడగవచ్చు. కొలతల్లో మోసగించేవారిని హెచ్చరించిన ముతఫ్ఫిఫీన్ సూరా (83:1-3) 'ప్రజలు' అన్న పదాన్ని వాడింది. ప్రజల నుంచి తీసుకునేటప్పుడు పూర్తిగా తీసుకుని, వారికి ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం ఉందని అది హెచ్చరించింది. మన పట్టణాల్లో బండి కొనేవాడు పక్కవీధి హిందూ సోదరుడు కావచ్చు, క్రైస్తవ సోదరుడు కావచ్చు. అతని సొమ్ము విషయంలో మన బాధ్యత రవ్వంత కూడా తగ్గదు.

ఈ సూరా వెలుగులో మన బేరాలను ఒకసారి చూసుకోవాలి. కొనడానికి వెళ్ళినప్పుడు మనం పది లోపాలు ఎంచుతాం. టైర్లు అరిగాయంటాం, బాడీ తుప్పు పట్టిందంటాం, ఇంజను మోత వేరుగా ఉందంటాం. రెండేళ్ళ తరువాత అదే బండిని అమ్మేటప్పుడు ఆ పదింటిలో ఒక్కటీ మన నోట రాదు. కొనేటప్పుడు ఒక కొలత, అమ్మేటప్పుడు మరో కొలత! త్రాసు చేతిలో లేనంత మాత్రాన ఆ హెచ్చరిక మనకు వర్తించదని అనుకోవచ్చా?

ముస్లిం హదీసు గ్రంథంలో హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ధాన్యపు రాశి సంఘటన మనలో చాలామందికి తెలిసిందే. దైవప్రవక్త (స) రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని యజమాని చెప్పుకున్నాడు. మరి జనానికి కనబడేలా ఆ తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) అడిగారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. వాన కురవడం ఆ యజమాని తప్పు కాదన్నది ఇక్కడ గమనించాలి. తడిసినది కింద, పొడిది పైన ఉంచడమే అతని తప్పు. లారీ పాతబడటం కూడా ఎవరి తప్పూ కాదు. లోపం ఉండటం నేరం కాదు, దాన్ని కింద పెట్టి అమ్మటం నేరం.

"లోపాలతో సహా, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాను, తరువాత నన్నడగొద్దు" అని ముందే షరతు పెడితే సరిపోతుందా? ఈ షరతు వ్యాపారం దృష్ట్యా చెల్లుతుందని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. కానీ ఒప్పందం చెల్లుబాటు కావడం వేరు, తెలిసి దాచిన పాపం నుంచి బయటపడటం వేరు. ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి మువత్తాలో ఒక సంఘటన ఉంది. బానిసల క్రయవిక్రయాలు సాగిన ఆ కాలంలో హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఇలాంటి షరతుతోనే ఒక సేవకుణ్ణి 800 దిర్హములకు అమ్మారు. అతనికి జబ్బు ఉందని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. వ్యవహారం ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) వద్దకు వెళ్ళింది. అమ్మే సమయంలో ఏ జబ్బూ తనకు తెలియదని ప్రమాణం చేయమని ఆయన తీర్పు చెప్పారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణానికి ఒప్పుకోక సేవకుణ్ణి తిరిగి తీసుకున్నారు. తరువాత అతను కోలుకున్నాడు, 1500 దిర్హములకు అమ్ముడుపోయాడు. షరతు వెనుక ఉన్న అసలు ప్రశ్నను ఖలీఫా బయటికి తీశారు: ఆ రోజు నీకు తెలుసా, తెలియదా? రేపు అల్లాహ్ సన్నిధిలో అడిగేదీ అదే ప్రశ్న.

ఇక్కడ ఒక సోదరుని ఆవేదనను కొట్టిపారేయలేం. "అందరూ దాస్తున్నారు. నేనొక్కణ్ణే ఒక లోపం చెబితే, ఇంకా పది దాచాడనే అనుకుంటారు. పదివేలు తగ్గవలసిన చోట యాభై వేలు తగ్గిస్తారు. నా పిల్లల నోటి కూడు పోదా?" ఈ నష్టం నిజంగానే జరగవచ్చు. నిజం చెప్పినవాడికి ప్రతిసారీ లాభమే వస్తుందని మేము చెప్పబోవడం లేదు. కానీ లోపాన్ని దాచి తెచ్చుకున్న అదనపు సొమ్ము అసలు ఎవరిది? అది కొన్నవాడి పిల్లల కూడు. అమ్మేవారూ కొనేవారూ నిజం చెప్పి, లోపాలు వెల్లడిస్తే వారి వ్యాపారంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకు పోతుందని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించారు. ఆయన (స) వాగ్దానం చేసింది బర్కత్‌ను. రొక్కం లెక్కలో అది వెంటనే కనబడకపోవచ్చు.

నమ్మకం కుదిరే దారులు కూడా మన ధర్మశాస్త్రంలో ఉన్నాయి. లోడు వేసి తోలి చూసుకోమనవచ్చు. నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగి ఇచ్చే షరతు పెట్టుకోవచ్చు. మెకానిక్ ఎదుట లోపాలన్నీ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయవచ్చు. లావాదేవీలను రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని బఖరా సూరా 282వ ఆయతు మనకు నేర్పింది. లోపాల జాబితా చేతికిచ్చేవాణ్ణి అనుమానించడం ఎంతటి బేరగాడికైనా కష్టమే.

కొనేవాడి బాధ్యత సంగతి ఏమిటి? బేరమాడటం తప్పు కాదు. దైవప్రవక్త (స) స్వయంగా బేరమాడారు. ఒక ప్రయాణం నుంచి తిరిగి వస్తూ, అలసి వెనకబడిన హజ్రత్ జాబిర్ (రజి) గారి ఒంటెను కొంటానన్నారు. జాబిర్ (రజి) తండ్రి ఉహద్ యుద్ధంలో అమరులయ్యారు. చెల్లెళ్ళ భారం, తండ్రి చేసిన అప్పులు ఆ యువకుని మీదే ఉన్నాయి. బేరం కుదిరింది. మదీనా చేరేదాకా దాని మీద తానే ప్రయాణం చేస్తానని ఆయన పెట్టిన షరతునూ దైవప్రవక్త (స) ఒప్పుకున్నారు. మదీనా చేరాక ధరను ముట్టజెప్పించి, ఒంటెను కూడా ఆయనకే ఇచ్చేశారు. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు మృదువుగా ఉండేవానిపై అల్లాహ్ కరుణ కలగాలన్న ప్రవక్త (స) ప్రార్థనను బుఖారీ గ్రంథంలో మనకు అందించింది కూడా ఈ జాబిర్ (రజి) గారే.

అలాగే హజ్రత్ జరీర్ (రజి) కోసం ఆయన సేవకుడు 300 దిర్హములకు ఒక గుర్రాన్ని బేరం చేశాడు. గుర్రం అంతకంటే విలువైనదని జరీర్ (రజి) తానే అమ్మేవాడికి చెప్పి, ధర పెంచుకుంటూ పోయి 800 ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని ప్రవక్త (స) చేతిలో చేయి వేసి చేసిన ప్రమాణమే అందుకు కారణం. ఇంతటి ఔదార్యం అందరికీ విధి కాదు. కానీ లేని లోపాలు కల్పించకపోవడం, "ఫలానా చోట ఇంతకే ఇస్తామన్నారు" అని అబద్ధమాడకపోవడం, ఆస్పత్రి ఖర్చుకో, బాకీ వాయిదాకో తల్లడిల్లే వాణ్ణి చూసి ధరను ఇంకా నలిపేయకపోవడం ఎవరికైనా సాధ్యమే. ధర పెంచడానికి ఉత్తుత్తి బేరగాణ్ణి నిలబెట్టడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. ఒకరి బేరం నడుస్తుండగా మధ్యలో దూరడాన్ని కూడా వారించారు. బేరం తప్పిపోతే బయానాను మింగేయడం చాలామంది ధర్మవేత్తల దృష్టిలో సమ్మతం కాదు. హంబలీలు మాత్రం దాన్ని అనుమతించారు. ఇద్దరి దగ్గరా తెలియకుండా డబ్బు తీసుకునే మధ్యవర్తి తనను నమ్మినవారికి ద్రోహం చేసినట్టే.

కాగితాలు కూడా వస్తువులో భాగమే. బండి మీద ఫైనాన్సు బాకీ ఉందా, ఎఫ్.సి., పన్ను, ఇన్సూరెన్సు ఎంతవరకు ఉన్నాయి అన్నవి అడగకముందే చెప్పాలి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక, పక్కనే ఉన్న కోదాడ బండి కొన్నా అది వేరే రాష్ట్రపు బండే. నిరభ్యంతర పత్రం లేకుండా పని జరగదు. సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు చేతికిచ్చి వదిలేసే అలవాటు ప్రమాదకరమైనది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం యాజమాన్యం మార్పిడిని ఇద్దరూ గడువులోగా తెలియజేయాలి. బండి చేతులు మారినా, రిజిస్ట్రేషను ఎవరి పేర ఉంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చివరిగా, బేరంలో లేని మూడోవాడి గురించి ఆలోచించాలి. బ్రేకులు, స్టీరింగు, పగిలిన ఛాసిస్ వంటి లోపాలను కొనేవాడికి చెప్పి, ధర తగ్గించి ఇచ్చినా బాధ్యత తీరిపోదు. ఆ తగ్గింపుకు రోడ్డు మీద సైకిల్‌పై వెళ్ళే కుర్రవాడు ఒప్పుకోలేదు కదా! కహఫ్ సూరాలో (18:71) పడవకు రంధ్రం పడటం చూడగానే మూసా (అలై) మొదట అడిగింది అందులోని మనుషులు మునిగిపోరా అనే. ఆ రంధ్రం వెనుక రాజు దౌర్జన్యం నుంచి పేదల పడవను కాపాడే ఉద్దేశ్యం ఉందని తరువాత (18:79) తెలిసింది. అది దైవాజ్ఞతో జరిగింది, పేదల మేలు కోసం జరిగింది. మన లారీలో మనం దాచే లోపానికి అలాంటి పరమార్థమేదీ లేదు. అలాంటి బండిని బాగుచేయించి అమ్మాలి, లేదా పాత ఇనుము కింద అమ్మాలి.

ఈసారి మన ఇంట్లో లారీగానీ, ఆటోగానీ, ట్రాక్టరుగానీ అమ్మకానికి పెట్టినప్పుడు మనల్ని మనం ఒక్క ప్రశ్న వేసుకుందాం. దీన్ని కొనేది మన కూతురే అయితే మనం ఏమేం చెప్పి ఉండేవాళ్ళం? ఆ మాటలన్నీ వచ్చిన ప్రతి బేరగాడికీ చెబుదాం. అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.