చలికాలం బాకీ

దుబాయ్‌లో చలికాలం వచ్చిన సంగతి కేలెండరు చూసి తెలుసుకోనక్కర్లేదు. ఏదో ఒకరోజు పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే గాలి మొహాన కొట్టకుండా మెల్లగా తాకి వెళ్తుంది. అంతే, వచ్చేసినట్టు. నవంబరు నెలాఖరు నుంచి మార్చి దాకా ఈ వైభోగం. జనవరిలో తెల్లవారుజామున పద్నాలుగో పదిహేనో డిగ్రీలుంటుంది. కెనడాలో ఉండే మా బావమరిదికి ఈ మాట చెబితే పగలబడి నవ్వుతాడు గానీ, భీమవరంలో పుట్టినవాడికి అది మఫ్లరు చుట్టుకోవలసిన చలే.

ఆ మఫ్లరు చుట్టుకుని ఆరూముప్పావుకి నడకకి బయల్దేరతాను. షుగరు వచ్చిందని డాక్టరు చెప్పాక మొదలైన అలవాటు. అల్ ఖుసైస్‌లో మా బిల్డింగు వెనకాల చిన్న పార్కు ఉంది. జబీల్ పార్కులాగా ఊరంతా వచ్చి చూసేదేమీ కాదు. నాలుగు వేపచెట్లు, పిల్లల ఉయ్యాలలు, చుట్టూ ఇటుకలు పరిచిన దారి. ఒక చుట్టుకి ఆరు నిమిషాలు. అయిదు చుట్లు తిరిగితే డాక్టరుకి సమాధానం చెప్పుకోవచ్చు. ఆ అరగంటా అమ్మతో మాట్లాడతాను. ఇక్కడ వాట్సాప్‌లో కాల్స్ కలవవు కాబట్టి బోటిమ్‌లో. అప్పటికి అక్కడ ఎనిమిదింబావు. అమ్మ కాఫీ తాగి, పేపరు చదివేసి, ఫోను పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

అరగంట నడకలో అంతగా ఆలోచించాల్సింది ఏముంటుందని మీరు అడగొచ్చు. 2025 జనవరి దాకా నేనూ అలాగే అనుకున్నాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. 2003లో ఈ ఊరొచ్చాను. ఇన్నేళ్ళలో ఇక్కడి ఎండ ఎలా ఉంటుందో నాకు నిజంగా తెలియదు. జూలైలో నలభై అయిదు డిగ్రీలని పేపర్లో చదువుతాను. ఇంట్లో ఏసీ, లిఫ్టు దిగితే బేస్‌మెంటులో కారు, కార్లో ఏసీ, ఆఫీసు బేస్‌మెంటు, మళ్ళీ ఏసీ. సాయంత్రం సరుకులకి మాల్‌కి వెళ్తే స్వెట్టరు తెచ్చుకోవాల్సింది అనిపిస్తుంది. ఆ వేడి నాకొక వార్త మాత్రమే. వాన కూడా అంతే, 2024 ఏప్రిల్ 16న తప్ప. 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఈ దేశంలో అంత వాన ఎప్పుడూ పడలేదట. అల్ ఐన్ ప్రాంతంలో ఒకచోట ఒక్కరోజు తిరక్కుండా 254 మిల్లీమీటర్లు పడింది. మా బేస్‌మెంటులోకి నీళ్ళొచ్చి లిఫ్టులు ఆగిపోతే ఏడో అంతస్తు నుంచి మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో పాల పేకెట్టు కోసం వెళ్ళాను. ఇరవై ఏళ్ళలో ఇక్కడి ఆకాశం నా ఒంటికి తగిలింది ఆ ఒక్కసారే.

ఇక ఆ పార్కులో పనిచేసే ఆయన సంగతి. ఆకుపచ్చ యూనిఫాం, దానిమీద మెరిసే పట్టీలు, తలకీ మొహానికీ కలిపి చుట్టుకున్న గుడ్డ. నేను వెళ్ళేసరికే పైపు పట్టుకుని ఉంటాడు. ఆ నీళ్ళు తాగేవి కావు. ఊళ్ళో మనం వాడి వదిలేసిన నీటినే శుద్ధిచేసి పార్కులకి పంపుతారు. అంటే మా ఇంటి నీళ్ళు కూడా ఆయన చేతుల మీదుగానే గడ్డిలోకి వెళ్తున్నాయన్నమాట. వేసవిలోనూ అక్కడ ఉండేది ఆయనే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. ఇరవై ఏళ్ళుగా అమలవుతోంది. మంచి నిబంధనే. కాకపోతే పన్నెండింటికీ ఎండ ఎండే, మూడున్నరకీ ఎండ ఎండే.

కాబట్టి ఒకే వీధిలో ఉంటూ కూడా మేమిద్దరం ఏడాదిలో ఎనిమిది నెలలు వేరు వేరు వాతావరణాల్లో బతుకుతున్నాం. ఇద్దరికీ ఒకే గాలి తగిలేది ఈ నాలుగు నెలలే. ఆయన ఎండంతా భరించి పెంచిన గడ్డి పక్కన నేను వచ్చి చలి బాగుందనుకుంటూ తిరుగుతాను. ఆ నాలుగు నెలల హాయికి నేనెవరికైనా ఏమైనా బాకీ ఉన్నానా? ఉంటే అది తీరేదెలా? నన్ను పట్టుకుని వదలని ప్రశ్న ఇదే.

ఆయన తెలుగువాడని నాకు మొదటి నెలలోనే తెలిసింది. ఒకరోజు ఫోన్లో ఎవరినో "పొలం కౌలుకిచ్చినవా లేదా" అని గదమాయిస్తున్నాడు. కరీంనగర్ వైపు యాస. పరాయి దేశంలో పొద్దున్నే తెలుగు మాట వినబడితే ఎవరైనా ఆగుతారు కదా. నేనేం చేశానో తెలుసా? నడక వేగం పెంచాను. అలా రెండు చలికాలాలు గడిపాను.

ఎందుకంటే, పలకరిస్తే ఏదో ఒకటి అడుగుతాడని భయం. ఏజెంటు మోసం చేశాడనో, తమ్ముడికి మీ ఆఫీసులో ఏదైనా పని చూడండనో. కొత్తలో అలాంటివి విన్నాను, ఏమీ చేయలేక నీళ్ళు నమిలాను. అప్పటి నుంచి తెలియనట్టు ఉండటం నేర్చుకున్నాను. నాది అకౌంట్స్ ఉద్యోగం. ఖాతానే తెరవకపోతే బాకీ కూడా ఉండదని నా లెక్క.

ఆ జనవరిలో ఒక రోజు పొగమంచు దట్టంగా పట్టింది. పది అడుగుల అవతల ఏముందో కనిపించడం లేదు. అమ్మకి రెండుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. ఫోను జేబులో పెట్టుకుని కంగారుగా నడుస్తుంటే మంచులోంచి గొంతు వినబడింది.

"సార్, అమ్మకు మోకాలు మంచిగైందా?"

కాళ్ళు ఆగిపోయాయి. ఆయన పైపు కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"మీరు రోజు అమ్మతోని మాట్లాడ్తరు గద సార్. ఇనొద్దనే అనుకుంట. గని పొద్దుగాల సప్పుడుండది, ఇనవడ్తది. ఆపరేషనన్నరు. ఇయ్యాల ఫోను మాట్లాడ్తలేరు, గందుకే అడిగిన. మా అవ్వకు గూడ మోకాళ్ళ నొప్పులే."

నా తెలుగు నేను దాచుకుంటున్నాననుకున్నాను. రెండు చలికాలాలు, రోజుకి అయిదు చుట్లు, ఆయన చుట్టూ తిరుగుతూ గొంతెత్తి మాట్లాడింది తెలుగే కదా! అమ్మ మోకాలి ఆపరేషను, అమ్మాయి కాలేజీ సీటు, అన్నయ్యతో స్థలం గొడవ... అన్నీ ఆయనకి తెలుసు. ఆయన గురించి నాకు కౌలుకిచ్చిన పొలం తప్ప ఇంకేమీ తెలియదు.

ఏదో ఒకటి అనాలి కదా. "నువ్వు ఏ ఊరు?" అన్నాను. అప్పుడాయన తలగుడ్డ తీశాడు. జుట్టంతా తెల్లగా ఉంది. నాకంటే అయిదారేళ్ళు పెద్దే అయ్యుంటాడు. ఇదే మనిషి ఇస్త్రీ చొక్కాతో మా ఆఫీసుకి వచ్చి ఉంటే నా నోట "మీరు" అనే వచ్చేది. నాలుక యూనిఫాంని చూసి మాట్లాడింది. జగిత్యాల దగ్గర పల్లెటూరని చెప్పాడు.

"మరి మీరెప్పుడూ పలకరించలేదేం?" అన్నాను, ఈసారి సరిచేసుకుని.

"మీరు ఫోన్‌ల ఉంటరు గద సార్. నడిమిట్ల మాట్లాడుడు బాగుండదని."

నేను భయంతో మాట్లాడలేదు, ఆయన మర్యాద కోసం మాట్లాడలేదు. బయటి నుంచి చూస్తే రెండు మౌనాలూ ఒకేలా కనిపించి ఉంటాయి. కాసేపటికి అమ్మే ఫోను చేసింది. పక్కింట్లో వ్రతానికి వెళ్ళిందట. ఆ కబురు ముందు ఆయనకే చెప్పాను.

ఆ రోజు నుంచి చివరి చుట్టు అయ్యాక అయిదు నిమిషాలు ఆగేవాణ్ణి. పార్కు మూల ఒక చెట్టుంది. ఇక్కడివాళ్ళు ఘాఫ్ అంటారు. 2008లో దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించారు. ఏదో ఎడారి ముళ్ళచెట్టనుకుంటూ నేను దాని పక్కనుంచే తిరిగేవాణ్ణి. "జమ్మి సార్ ఇది" అన్నాడాయన. నమ్మలేదు. ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే నిజమే. పాండవులు ఆయుధాలు దాచిన జమ్మి, తెలంగాణకి రాష్ట్ర వృక్షమైన జమ్మి, ఈ ఎడారి దేశానికీ జాతీయ వృక్షమే. వాళ్ళ క్యాంపు ముహైస్నాలో ఉంది. అందరూ సోనాపూర్ అంటారు, అంటే బంగారపు ఊరని. కిందటి దసరాకి ఈ చెట్టు కింద రాలిన ఆకులు ఏరుకుని వెళ్ళి, క్యాంపులో ఒకళ్ళ చేతిలో ఒకళ్ళు బంగారమని పెట్టి అలాయ్‌బలాయ్ తీసుకున్నారట. "కొమ్మ తెంపొద్దు గద సార్, రాలినయే ఏరినం" అన్నాడు.

ఒక శనివారం భోజనాల దగ్గర ఇదంతా స్నేహితులకి చెప్పాను. ఒకాయన వెంటనే అందుకున్నాడు. "ఇదంతా మన మనసు తేలిక చేసుకోవడానికి తప్ప దేనికీ కాదు. మీరు పలకరిస్తే ఆయన జీతం పెరుగుతుందా? ఎండ తగ్గుతుందా?"

కాదనలేకపోయాను. పైగా నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. మా ఇంట్లో పాలేళ్ళందరినీ పేరుపెట్టి పలకరించేవాడు. ఎవరి పిల్లకి జ్వరమో, ఎవరి ఆవు ఈనిందో ఆయనకి తెలుసు. కానీ వాళ్ళు తాగే గ్లాసు వేరేగా చూరులో ఉండేది. కనుక పలకరింపు ఒక్కటే మంచితనం అనుకోవడానికి లేదు. ఎవరిని ఎక్కడ ఉంచాలో అక్కడే ఉంచడానికి అది పనికొస్తుంది. మరి ఇక్కడో? గ్లాసు తేడా లేదు, కాఫెటేరియాలో ఒకే కౌంటరు దగ్గర నిలబడి ఒకే కరక్ చాయ్ తాగుతాం. పేరు మాత్రం తెలియదు. తాతయ్యకి పేరు తెలుసు, గ్లాసు వేరు. నాకు గ్లాసు ఒకటే, పేరు తెలియదు. రెంటిలో ఏది మేలని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రెండూ కలిసి ఉండటానికి అడ్డం ఏమిటని మాత్రం అడుగుతున్నాను.

జీతం సంగతి నా చేతిలో లేదు. అది కంపెనీల చేతిలో, చట్టాల చేతిలో ఉంది, ఉండాల్సింది కూడా అక్కడే. దయతో తీరే విషయం కాదది. కానీ చట్టం గంటలు చూడగలదు, డిగ్రీలు చూడగలదు. అమ్మ మోకాలు ఎలా ఉందని అడగమని ఏ చట్టమూ ఎవరికీ చెప్పదు. జగిత్యాల ఆయన నన్ను అడిగిన ఆ మాట నాకు బాకీ ఏమీ పడి అడిగింది కాదు. ఇచ్చేవాణ్ణి నేనే అనుకుని రెండేళ్ళు తప్పించుకు తిరిగాను. తీరా చూస్తే ముందు ఇచ్చింది ఆయన.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ మా ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. "ఆయనతోపాటు ఇంకొకాయన ఉంటాడు కదా, ఆకులు ఊడ్చే ఆయన. ఆయనదే ఊరు?"

తెలియదన్నాను.

"తెలుగు రాదనా?" అంది.

నాకది గట్టిగానే తగిలింది. నేను ఆగింది మనిషిని చూసా, భాషను చూసా? తెలుగు వినబడితేనే మేలుకొనే మానవత్వం నిజానికి ఊరి మీద బెంగే కావచ్చు. ఆ బెంగలో తప్పులేదు, కానీ దాన్ని మంచితనం ఖాతాలో రాసుకుంటే అది దొంగ లెక్క అవుతుంది.

మార్చి చివర్లో జగిత్యాల ఆయన్ని కంపెనీవాళ్ళు వేరే సైటుకి మార్చారు. ముందురోజే చెప్పి వెళ్ళాడు. "అమ్మను అడిగిన అని చెప్పుండ్రి సార్" అన్నాడు. చెప్పాను. అమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆయన ఎలా ఉన్నాడని అడుగుతుంది.

వేసవి వచ్చింది, నేను మళ్ళీ ఏసీలోకి వెళ్ళిపోయాను. నవంబరు చివర పార్కుకి తిరిగి వెళ్తే పైపు ఆకులు ఊడ్చే ఆయన చేతిలో ఉంది. మొదటి రోజు చుట్టూ తిరిగి వచ్చేశాను. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆగి సలాం చెప్పాను. నాకు బెంగాలీ రాదు, ఆయనకి హిందీ అంతంత మాత్రం. బంగ్లాదేశ్‌లో సిల్హెట్ అని అర్థమైంది. వారం తిరక్కుండా, నేనెప్పుడూ భయపడుతూ వచ్చిన పని జరగనే జరిగింది. ఒక సాయం అడిగాడు! బ్యాంకు నుంచి ఇంగ్లీషులో మెసేజీ వచ్చిందట, అందులో ఏముందో చెప్పమన్నాడు. చదివి చెప్పాను. నాలుగు నిమిషాలు పట్టింది.

రేపు నావల్ల కానిది అడగొచ్చు. కాదని చెప్పాల్సి రావొచ్చు. అదైనా ఆగి, మొహం చూసి చెప్పాలనుకుంటున్నాను.

ఆ నాలుగు నిమిషాలూ అమ్మ ఫోన్లోనే ఉంది. "ఎవర్రా అది?" అంది.

"మనాయనే అమ్మా."

"మనాయనా? ఏ ఊరు?"

"సిల్హెట్" అన్నాను.

"అదెక్కడరా, ఎప్పుడూ వినలేదే" అంది అమ్మ. నడుస్తూ చెప్పడం మొదలుపెట్టాను.