ఆ మాట ఎందుకు అన్నట్టు?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగిళ్లు చాలా ఉన్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. ఆడవాళ్లతో పాటు అడ్డపొగ అలవాటూ వచ్చింది. చుట్ట ముట్టించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. అంగిట్లో క్యాన్సర్ తెచ్చేది అదే. మా నాయనమ్మకూ అక్కడే వచ్చింది.

"అమ్మకు చెప్పకండి" అని నాన్న డాక్టరును ముందే బతిమాలుకున్నాడు. నాయనమ్మ కూడా మా దగ్గర ఏమీ అనలేదు. నాన్న మందుల కోసం కిందికి దిగినప్పుడు డాక్టరు చెయ్యి పట్టుకుని అడిగింది: "ఓ సూదేసి నన్ను పంపించీ బాబూ, ఇంక సాలు."

ఆయన చట్టం సంగతి ఎత్తలేదు, దేవుడి సంగతీ ఎత్తలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రాత్రి నిద్ర పడుతోందా, గంజి దిగుతోందా, అన్నిటికన్నా ఏది ఓర్చుకోలేకపోతున్నావు అని ఒక్కొక్కటే అడిగాడు. నొప్పి అంటుందనుకున్నాను. నోటి వాసన అంది. చిన్నపిల్లలు మంచం దగ్గరికి రావడం మానేశారంది. పుండు శుభ్రం చేసి, వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్, నొప్పికి నాలుగు గంటలకోసారి మోర్ఫిన్ మాత్ర రాశాడు. ఆ తర్వాత ఆ మాట అనలేదని చెప్పను. అంది, కానీ రోజూ అనలేదు.

కెనడాలో హార్వే చోచినోవ్ అనే మానసిక వైద్యుడు తన బృందంతో కలిసి 168 మంది చివరి దశ క్యాన్సర్ రోగులను, బతకాలని ఎంతుందో రోజుకు రెండుసార్లు అడిగి చూశాడు. ఒకే మనిషి జవాబు ఒక్కరోజులోనే బాగా మారిపోతోందని 1999లో లాన్సెట్‌లో రాశాడు. నాయనమ్మను చూసిన నాకు అది కొత్తగా అనిపించలేదు.

అలాగని, చావడిగే ప్రతివాళ్లూ నొప్పి తగ్గితే మనసు మార్చుకుంటారంటే ఒప్పుకోలేను. అమెరికాలోని ఆరెగాన్‌లో 1997 నుంచి ప్రాణం తీసే మందును రోగి తానే మింగేలా రాయించుకునే వీలుంది. అలా రాయించుకునేవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం తమ బతుకు తమ చేతుల్లో లేకుండా పోతోందని. నొప్పి ఆ తర్వాతే. వాళ్లలో దాదాపు మూడోవంతు మంది ఆ మందు మింగరు కూడా. మన దగ్గర చూస్తే, 2004లో హైదరాబాద్‌లో వెంకటేశ్ అనే పాతికేళ్ల చదరంగం ఆటగాడిది క్యాన్సర్ కాదు, కండరాల క్షీణత. తన అవయవాలు ఇంకొకరికి పనికొచ్చేలా ఉన్నప్పుడే వెళ్లనివ్వమన్నాడు. తల్లి కోర్టుకెక్కింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కుదరదంది. ఆ డిసెంబరులోనే పోయాడు. ఆ కుర్రాడిది దిగులనో, తెలియనితనమనో అనడానికి నాకు నోరు రాదు.

అయినా సూది ఇవ్వడం మన దగ్గర నేరంగానే ఉండాలంటాను, ఇప్పటికైతే. బిలాస్‌పూర్ నుంచి ముంబై టాటా ఆస్పత్రికి గీతాంజలి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లే వాళ్లను చూడండి. స్లీపర్‌లో క్యాన్సర్ రోగికి టికెట్ ఉచితం, తోడెళ్లే వారికి 75 శాతం రాయితీ. ముంబైలో గది అద్దెకు, పోయిన కూలికి రాయితీ ఎవరిస్తారు? పొలం అమ్మిన కొడుకు మొహం చూసి ఒక తల్లి "ఇంక చాలు" అంటే, అది ఆమె సొంత కోరికని ఏ డాక్టరు సంతకం పెడతాడు? బిలాస్‌పూర్‌కు దగ్గర్లో గనియారిలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు 1999లో మొదలుపెట్టిన జన స్వాస్థ్య సహయోగ్ తక్కువ ఖర్చుతో పల్లె జనానికి క్యాన్సర్ వైద్యం కూడా చేస్తోంది. అలాంటివి జిల్లాకొకటైనా ఉండాలి. మత్తుమందుల చట్టాన్ని 2014లో సడలించినా చిన్న ఆస్పత్రులు చాలావాటిలో మోర్ఫిన్ ఇంకా దొరకదు. ముందు అది దొరకాలి.

ఇవన్నీ దొరికాక కూడా అడిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు డాక్టరు కుదరదనే చెప్పాలి, కానీ చెప్పి లేచిపోకూడదు. కీమో వద్దనుకుంటే మానేయవచ్చని చెప్పాలి. వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టుకోవడానికి 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023 నుంచి దానికి మేజిస్ట్రేటు దాకా పోనక్కర్లేదు, ఇద్దరు సాక్షులు, నోటరీ చాలు. ఆ సంగతి రోగికి చెప్పేటప్పుడు కొడుకును కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి.