రేటడగడానికి మొహమాటమెందుకు పాపా

పాపా,

నువ్వూ అల్లుడూ మే నెలలో విశాఖపట్నం పోతున్నారనీ, బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో రాత్రి భోజనానికి అల్లుడు ముందుగానే టేబుల్ చెప్పిపెట్టినాడనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎటూ మన ఊళ్ల మీదుగానే పోతుంది, ఒక రాత్రి ప్రయాణం. చీరల మూటలతో ఆ ఊరికి చానా ఏండ్లు తిరిగినవాణ్ని కదా, అక్కడి అంగళ్ల ఆసాములు నన్ను అలాంటి హోటళ్లకు పిలుచుకుపోయి భోజనం పెట్టించేవాళ్లు. ఆ ఊరికి ఈ సోకు నిన్నా మొన్నా వచ్చింది కాదు. కలకత్తాలో 1967లో మొదలైన పార్క్ హోటలు వాళ్లు ఆ మరుసటి ఏడే విశాఖలో సముద్రం ఒడ్డున ఇంకొకటి తెరిచినారు. ఆ భోజనాల బల్లల దగ్గర నేను చూసినవాటిలో నీకు పనికొచ్చేవి నాలుగు మాటలు చెబుతా, విను.

అన్నిటికంటే ముందు, రేటడుగు. మన ధర్మవరానికి చీర కోసం వచ్చేవాళ్లను చిన్నప్పటినుంచీ చూస్తున్నావు. కార్లలో దిగినవాళ్లు కూడా పట్టు ఎంత తూగుతుందని అడుగుతారు, జరీ పోగు గీకి లోపల ఎర్రపట్టు కనపడుతుందా లేదా అని చూస్తారు, కొంగు పరిపించి వెలుతురులో పట్టుకుంటారు, చివరికి కొనకుండానే పోతారు. వాళ్లను మనం ఎప్పుడైనా తక్కువగా చూసినామా? అడిగేవాళ్లంటేనే మనకు గౌరవం. అదే మనవాళ్లు అద్దాల తలుపులు దాటి చల్లటి హాల్లోకి అడుగుపెడితే నోరు పెగలదు. మెనూ చేతికిస్తే కుడివైపు అంకెలు చూడటం నామోషీ అనుకుంటారు. వేలితో ఏదో ఒకటి చూపించేసి, బిల్లు వచ్చినాక మొహాలు చూసుకుంటారు.

మన వీధిలోనే ఒక ఆసామికి జరిగింది చెబుతా. సముద్రం ఊరికి పోయినాడు, మెనూలో ఎండ్రకాయ ఎదురుగా 350 అని ఉంటే ప్లేటు రేటనుకున్నాడు. అది వంద గ్రాముల రేటు. వచ్చిన ఎండ్రకాయ ఎనిమిది వందల గ్రాములు. 2800 రూపాయలు, పన్ను వేరే. హోటలు వాళ్లు మోసం చేసినారని ఊరంతా చెప్పుకుంటాడు గానీ ఆ మాట మెనూలో చిన్న అక్షరాల్లో ఉండనే ఉంది. కొన్నిచోట్ల అంకె కూడా ఉండదు, ఏ.పి.ఎస్. అని ఉంటుంది. చేప సైజును బట్టి రేటన్నమాట. అప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటే. “చేపను ఒకసారి తెచ్చి చూపించండి, తూకం ఎంత, మొత్తం ఎంతవుతుంది” అని అడుగు. మంచి హోటల్లో దీనికెవరూ మొహం చిట్లించరు, ట్రేలో పెట్టుకుని తెచ్చి చూపిస్తారు. చిట్లించినారంటే అది మంచి హోటలు కాదు, లేచి వచ్చేయండి.

ఇంకొకటి. మీరు పోయేది మే నెల. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మరపడవలన్నీ రేవులోనే ఉంటాయి, మోటారు లేని నాటు పడవలకు మాత్రమే వేటకు పోయే వీలు. అందుకని “ఇది ఇవాళ పట్టిన చేపేనా, ఫ్రిజ్‌లోదా?” అని అడగడం మీ హక్కు. ఆ నెలల్లో రొయ్య దిగులు లేకుండా తినొచ్చు, ఎందుకంటే అది ఎక్కువగా చెరువుల్లో పెంచిందే వస్తుంది. పండుగప్పను కూడా పెంచుతారు. చెరువు రొయ్య తినడానికి సముద్రం దాకా పోవాలా అని మీ నాయన ఎకసెక్కం చేస్తాడు, పట్టించుకోవద్దు.

మనకు తెలిసిన చేపంటే వానలు పడి చెరువు నిండినప్పుడు దొరికే బొచ్చె, రవ్వ. వాటి ముళ్లకు భయపడి నువ్వు చిన్నప్పుడు ముట్టేదానివి కాదు. వంజరం తెప్పించుకో. నడుమ వెన్నెముక తప్ప సన్నముళ్ల బెడద పెద్దగా ఉండదు, ముక్క ముక్కగా కోసి పెనం మీద వేయించి ఇస్తారు. చందువా ఇంకా మెత్తన. అయితే ఒక్క జాగ్రత్త. రొయ్యలూ ఎండ్రకాయలూ కొందరికి పడవు, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదాలు వాస్తాయి, ఊపిరాడకపోవడమూ ఉంది. చిన్నప్పుడు లేనిది పెద్దయినాక కూడా మొదలవుతుంది. నువ్వు ఇంతవరకూ తిన్నదానివి కాదు కాబట్టి మొదట ఒకటి తిని కాసేపు ఆగు. ఏమైనా తేడా అనిపిస్తే బిల్లు సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి పోండి.

కూర్చోగానే ఒకబ్బాయి వచ్చి నీళ్లు ఏవి కావాలని ఇంగ్లీషులో రెండు పేర్లు చెబుతాడు. ఆ రెండూ సీసా నీళ్లే. హోటళ్లలో సీసా నీళ్లను ముద్రించిన ధర కంటే ఎక్కువకు అమ్మినా తప్పు లేదని 2017లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, హోటల్లో కొనేది ఉత్తి సీసా కాదు, కూర్చోబెట్టి చేసే మర్యాద కూడా అని. కాబట్టి తర్వాత పోట్లాడి లాభం లేదు. “మామూలు ఫిల్టరు నీళ్లు తెండి” అంటే తెచ్చి పోస్తారు.

బిల్లు వచ్చినాక అల్లుడు పర్సు తీసేలోగా నువ్వొకసారి చదువు. మామూలు హోటల్లో భోజనం మీద జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7500 దాటే పెద్ద హోటళ్లలో భోజనశాలకు 18 శాతం. మూడు వేల భోజనానికి ఒకచోట 150, ఇంకొకచోట 540 అన్నమాట. అది సర్కారుది, కట్టాల్సిందే. దాని పక్కనే సర్వీస్ చార్జీ అని ఇంకొక వరస కనపడొచ్చు. అది సర్కారుది కాదు. అడక్కుండా దాన్ని బిల్లులో కలపగూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో అదే ఖాయం చేసింది. “ఇది తీసేయండి” అని మెత్తగా చెప్పు, తీసేస్తారు. తీయకపోతే 1915 అని ఒక ఫోను నంబరుంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఆ నంబరు పేరెత్తితేనే చాలాసార్లు పని అయిపోతుంది.

సర్వీస్ చార్జీ తీయించినావని వడ్డించిన పిల్లోడి చేతిలో ఏమీ పెట్టకుండా రావొద్దు. ఆ డబ్బు వాడికి పోతుందో లేదో నీకు తెలీదు, నువ్వు చేతికిచ్చింది మాత్రం వాడిదే. చిటికెలు వేసి పిలవడం, “ఏయ్” అనడం మన ఇంటా వంటా లేదు. ఒరిస్సా నుంచో బెంగాలు నుంచో వచ్చిన పిల్లలుంటారు, పేరు అడిగి పిలిస్తే వాళ్ల మొహం వెలుగుతుంది. ఏ కూర బాగుందో వాళ్లే నిజం చెబుతారు కూడా, ఖరీదైనదే తీసుకొమ్మని అనరు.

ఫోర్కు ఎడమ చేతిలో పట్టాలా కుడి చేతిలోనా అని నిద్ర పాడుచేసుకోవద్దు. అల్లుడికి ఈ బెంగ ఎటూ లేదు. యర్రమంచి దగ్గర కియా కార్ల కంపెనీ వచ్చినప్పటినుంచీ పెనుకొండ చుట్టుపక్కల కొరియా వంటల హోటళ్లు వెలిసినాయి కదా, వాళ్ల ఆఫీసర్ల పక్కన కూర్చుని పుల్లలతో నూడుల్సు తినడం నేర్చినాడంట. విజయనగర రాజులు ఎండాకాలం విడిదికి వచ్చిన ఊళ్లో ఇప్పుడు కిమ్చీ దొరుకుతా ఉంది. సరే, నీకు ఆ పుల్లలూ ఫోర్కులూ కుదరకపోతే చేయి కడుక్కుని చేత్తో తిను. ఎండ్రకాయను ఎంత పెద్ద దొర అయినా చేత్తోనే విరుచుకోవాలి. తిన్నాక గిన్నెలో గోరువెచ్చటి నీళ్లూ నిమ్మచెక్కా తెచ్చిపెడతారు, అది చేతులకు. తాగేది కాదు.

చీర సంగతి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? పెళ్లి చీర తీసుకుపోవద్దు. సముద్రపు ఉప్పు గాలికీ చెమ్మకూ జరీ నల్లబడుతుంది, నేసినవాడి ప్రాణం ఉసూరుమంటుంది. సన్నంచు చీర ఒకటి నేనిస్తా, అది కట్టుకో. గదికి వచ్చినాక విప్పి వెంటనే మడత పెట్టొద్దు, ఫ్యాను గాలికి ఆరనిచ్చి నూలుగుడ్డలో చుట్టు.

ఇంకా ముఖ్యమైనది, అల్లుడికీ నీకూ మధ్య మాట. ఆ రాత్రికి ఎంత ఖర్చు పెట్టాలో రైల్లోనే ఇద్దరూ అనుకోండి. మీ మామగారు హిందూపురం మార్కెట్లో చింతపండు వ్యాపారం చేసే మనిషి, ఆ ఇంట్లో లెక్క గట్టిది. అల్లుడు నీ ముందు దొరగా కనపడాలని ఖరీదైనవన్నీ చెప్పేస్తాడు, కొత్తలో మగవాళ్లందరూ అంతే. నువ్వు మెనూ చూసి “నాకు ఇది చాలు” అంటే అతనికి ఊపిరి వస్తుంది. చెప్పలేక చెప్పలేక తెప్పించి సగం వదిలేయడం కంటే ఒక కూర, ఒక వేపుడు, అన్నం తీసుకుని ఇద్దరూ పంచుకోండి. మిగిలితే కట్టిచ్చేయమని అడగండి, అందులో నామోషీ ఏమీ లేదు.

అక్కడి కూర చప్పగా ఉందని అలగొద్దు. మన కారం అక్కడ రాదు. మీ పెద్దమ్మ చెనక్కాయల పొడి కట్టిస్తానంటా ఉంది, అది రైల్లోకీ గదిలోకీ మాత్రమే, ఆ హోటలు బల్ల మీద డబ్బా మూత తీస్తే నన్ను అనొద్దు. భోజనమైనాక ఇంకా ఆకలిగా ఉంటే రోడ్డు దాటి బీచికి పోండి, మురీ మిక్చరని కలిపిస్తారు, అవి మన బొరుగులే.

తిరిగొచ్చినాక ఏం తిన్నారో, ఎంతైందో నాకు చెప్పు. మీ పెద్దమ్మ దగ్గర మాత్రం ఎండ్రకాయ మాట ఎత్తొద్దు, ఆ తర్వాత మా ఇంట్లో నీకు వేరే కంచం పెడుతుంది.

మీ పెదనాయన