పశ్చాత్తాపమూ, ప్రతీకారమూ

తప్పు చేసిన మనిషి, తనచేత ఆ తప్పు చేయించిన వాణ్ణి చంపితే, అతని తప్పు తీరుతుందా? ఈ ప్రశ్న చాలా పాతది. గ్రీకు నాటకకర్తలు దీనితో పెనుగులాడారు. యుద్ధనేరాలను విచారించిన న్యాయస్థానాలూ పెనుగులాడాయి. ఈనాడు దీన్ని లక్షలాది యువకుల ముందు పెడుతున్నది వీడియో గేమ్. ఆట మీద విమర్శ యేమిటని కొందరు పెదవి విరవవచ్చు. నవల కొత్తగా వచ్చినప్పుడూ, సినిమా కొత్తగా వచ్చినప్పుడూ యిట్లాగే పెదవి విరిచిన వారున్నారు. ఒక తరం రాత్రింబవళ్ళు ఏ కథలో మునిగివుందో, ఆ కథ దానికి ఏ నీతిని అలవాటు చేస్తున్నదో చూడటం విమర్శకుని బాధ్యత అని నేననుకుంటాను.

నేను తీసుకున్న పాత్ర క్రేటోస్. అమెరికాలోని శాంటా మోనికా స్టూడియో 2005లో విడుదల చేసిన 'గాడ్ ఆఫ్ వార్' అనే ఆటలో యితడు మొదట కనిపించాడు. కథ ప్రాచీన గ్రీసుది. క్రేటోస్ స్పార్టా సేనాని. ఒక యుద్ధంలో చావు తప్పని ఘడియలో యుద్ధదేవుడు ఏరీస్‌ను పిలిచి, శత్రువులను నాశనం చేస్తే తన జీవితాన్ని ధారపోస్తానని మాట యిస్తాడు. ఏరీస్ అతని చేతులకు గొలుసులతో కత్తులు బిగిస్తాడు. ఆనాటినుంచి క్రేటోస్ ఊళ్ళకు ఊళ్ళు తగలబెడతాడు. ఎథీనాను కొలిచే ఒక పల్లె మీద పడిన రాత్రి, గుడిలో కంటబడిన వాళ్ళనందర్నీ నరికిన తర్వాత చూస్తే, వాళ్ళలో తన భార్య లైసాండ్రా, కూతురు కలియోపీ వున్నారు. వాళ్ళనక్కడికి చేర్చినవాడు ఏరీస్. మమకారం తెగిపోతే బంటు మరింత పనికొస్తాడని అతని లెక్క. ఒక వృద్ధురాలి శాపంవల్ల భార్యాబిడ్డల బూడిద క్రేటోస్ చర్మానికి శాశ్వతంగా అంటుకుపోతుంది. పీడకలలు వదలవు. వాటినుంచి విముక్తికోసం పదేళ్ళు దేవతల చాకిరీ చేసి, చివరకు ఏరీస్‌ను చంపుతాడు. దేవతలు పాపాన్ని క్షమిస్తారు గాని, కలలను తీసివెయ్యరు.

ఈ కథకు పూర్వరూపం క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో యూరిపిడీస్ రాసిన 'హెరాక్లీస్' నాటకంలో వుంది. అక్కడ హీరా దేవి పంపిన ఉన్మాదంలో హెరాక్లీస్ తన భార్యనూ, ముగ్గురు కొడుకులనూ చంపుతాడు. తెలివి వచ్చాక చావబోతాడు. మిత్రుడు థీసియస్ వచ్చి, ఆ పాపం తనకంటుతుందని జంకకుండా చెయ్యి పట్టుకుని ఎథెన్స్‌కు తీసుకుపోతాడు. హెరాక్లీస్ హీరా మీద కత్తి దుయ్యడు. చేసిన పనిని మోసుకుంటూ బ్రతకటమే సాహసమని నిర్ణయించుకుంటాడు.

రెండు కథలకూ వున్న తేడాను జాగ్రత్తగా గమనించాలి. హెరాక్లీస్‌కు పట్టినది పిచ్చి. ఆ క్షణంలో అతను అతను కాడు. మరి క్రేటోస్? ఆ రాత్రి అతను చేసిన పని అంతకు ముందు రాత్రీ చేశాడు, ఆ ముందు రాత్రీ చేశాడు. అది అతని వృత్తి. గుడిలో చచ్చినవాళ్ళలో యిద్దరు తనవాళ్ళు కావటం ఒక్కటే కొత్త సంగతి. ఆ గుడిలోనే చచ్చిన మిగతా వాళ్ళు కూడా ఎవరికో భార్యలు, ఎవరికో కూతుళ్ళు. వాళ్ళకు ఆటలో పేర్లు లేవు. వాళ్ళ బూడిద ఎవరి ఒంటికీ అంటుకోలేదు.

అతను ప్రేమను పోగొట్టుకున్నది కూడా ఆ రాత్రి కాదని నా అభిప్రాయం. యిదంతా స్పార్టా కీర్తికోసమని అతనంటే, కాదు, నీకోసమేనని భార్య ఎదిరించి చెబుతుంది. ఆమె మాట చెవిని పెట్టకుండా మళ్ళీ యుద్ధానికి బయలుదేరిన నాడే అతను ఆమెను పోగొట్టుకున్నాడు. ఏరీస్ దాన్ని పూర్తి చేశాడు.

ఇక్కడ నిజమైన స్పార్టాను తలచుకోవాలి. స్పార్టా పౌరుడు పొలం దున్నలేదు; హెలట్లనే బానిస రైతులు దున్నారు. క్రీ.పూ. 479లో ప్లాటియా యుద్ధానికి వచ్చిన ఒక్కొక్క స్పార్టా పౌరుడి వెంట ఏడుగురేసి హెలట్లు వచ్చారని హెరొడోటస్ రాశాడు. ఆ సంఖ్యకు భయపడి స్పార్టా అధికారులు ఏటా హెలట్ల మీద లాంఛనంగా యుద్ధం ప్రకటించేవారట. అట్లా ప్రకటిస్తే హెలట్‌ను చంపినవాడికి పాపం అంటదు. అరిస్టాటిల్ చెప్పిన మాటగా ప్లూటార్క్ దీన్ని నమోదు చేశాడు. చంపిన చేతికి మైల అంటకుండా రాజ్యమే ముందుగా కడిగి వుంచే యేర్పాటు యిది. క్రేటోస్ కీర్తి అనుకున్నది యిటువంటి రాజ్యపు కీర్తి. ఆ యేర్పాటు తన యింటివాళ్ళ విషయంలో పనిచెయ్యకపోయేసరికి అతనికి పాపమంటే యేమిటో తెలిసింది. తెలిసినది కూడా సగమే.

అందువల్లనే అతని పశ్చాత్తాపం సులభంగా ప్రతీకారంగా మారిపోయింది. మొదటి ఆటలో పండోరా దేవాలయంలో ఒక ఘట్టం వుంది. బోనులో వున్న ఒక సైనికుడు విడిపించమని ప్రాధేయపడతాడు. క్రేటోస్ ఆ బోనును ఏటవాలు మీదికి తోసుకుపోయి అతన్ని మంటకు బలి యిస్తాడు. అప్పుడుగాని తలుపు తెరుచుకోదు. హత్యకు క్షమాపణ వెతుక్కుంటూ పోయే దారిలో మరొక హత్య! ఆడేవాడు మీటలు నొక్కకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. నాటకం చూసేవాడు అయ్యో అనవచ్చు. యిక్కడ అయ్యో అనేవాడే బోను తోయాలి. తర్వాతి ఆటల్లో ప్రతీకారం ఏరీస్‌తో ఆగలేదు. 2010లో వచ్చిన మూడవ ఆటలో ఒక్కొక్క దేవుడు కూలుతుంటే సముద్రం పొంగుతుంది, సూర్యుడు ఆరిపోతాడు, తెగులు వ్యాపిస్తుంది. చచ్చేది మళ్ళీ పేరులేని జనమే.

ఇక్కడ మనవాళ్ళు ఒక ఆక్షేపణ చెయ్యవచ్చు. మనిషిని తయారు చేసేది పరిస్థితులని మనమే అంటాము గదా. స్పార్టా క్రేటోస్‌ను తయారు చేసింది, ఏరీస్ వాడుకున్నాడు, యిక అతన్ని నిందించడం వ్యక్తివాదం కాదా? కాదంటాను. ఆజ్ఞ యిచ్చినవాడి నేరమూ, కత్తి పట్టినవాడి నేరమూ ఒకే మూటలోని వాటాలు కావు, ఒకటి పెరిగితే రెండవది తరగటానికి. 1945 నాటి న్యూరెంబర్గ్ శాసనం యీ సంగతినే చెప్పింది: పైవాడి ఆజ్ఞ అన్నది శిక్షను తగ్గించటానికి కారణం కావచ్చు గాని, బాధ్యతను తుడిచివెయ్యదు. పరిస్థితులు మనిషిని తయారు చేస్తాయనే సూత్రం పరిస్థితులను మార్చటానికి పుట్టింది. చేతులు కడుక్కోవటానికి కాదు. ఏరీస్‌ను కూల్చవలసిందే. అయితే ఎందుకు? మరొక పల్లె తగలబడకుండా వుండటానికి. నా పీడకల పోవటానికి కూల్చినవాడు ఆ ఖాళీ సింహాసనం మీద తానే కూర్చుంటాడు. మొదటి ఆట చివర జరిగింది అక్షరాలా అదే: క్రేటోస్ కొత్త యుద్ధదేవుడయ్యాడు.

2018లో వచ్చిన ఆటలో క్రేటోస్ ఉత్తరాది దేశంలో, రెండవ భార్యను పోగొట్టుకుని, కొడుకుతో కనిపిస్తాడు. ఆమె చితాభస్మాన్ని కొండ శిఖరానికి మోసుకుపోవటమే ఆ కథ. దారిలో కొడుకుతో నిజం చెబుతాడు: తాను చంపినవాళ్ళలో చావదగినవాళ్ళూ వున్నారు, చావదగనివాళ్ళూ ఎందరో వున్నారు. యిన్ని ఆటల్లో నాకు అన్నిటికంటె విలువైన మాట యిదే. ఇందులో ఏరీస్ పేరుతో సాకు లేదు. తన భార్య, తన బిడ్డ అనే కంచె దాటి, అతని దుఃఖం మొదటిసారిగా పేరులేని వాళ్ళవైపు చూసింది.

తనవాళ్ళకోసం ఏడవటం ఎవరూ నేర్పనక్కరలేదు. ఏ సైన్యంలోనైనా, ఏ మూకలోనైనా కత్తి పట్టినవాడు తనవాళ్ళకోసం ఏడవగలడు. ఆ ఏడుపునే ఆయుధంగా మలిచి మళ్ళీ చేతికి అందించే నాయకులూ వుంటారు. తన చేతిలో చచ్చిన పరాయివాడికోసం కూడా ఏడవగలిగినవాడి చేతికి మాత్రం ఆ కత్తిని మళ్ళీ బిగించటం ఏరీస్‌కు సాధ్యం కాదు.