చవక ఎవరికి?

అమెరికాలో గరాజ్ సేల్ అంటే కారు షెడ్డు తలుపు తెరిచి, ఇంట్లో అక్కర్లేని సామాను వాకిట్లో పరిచి అమ్మడం. వెళ్ళివచ్చిన కుటుంబాలతో పాటు ఆ మాట మన మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లలోకీ వచ్చింది. ఇక్కడ గరాజ్‌లు లేవు కనుక అమ్మకం హాల్లోనో, కింద సెల్లార్‌లోనో జరుగుతుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన దగ్గర్నుంచీ ఈ ప్రాంతంలో రాకపోకలు ఆగింది లేదు. ఆన్‌సైట్ వచ్చిందనో, బెంగుళూరుకు బదిలీ అయిందనో, ఉద్యోగమే పోయిందనో ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూనే ఉంటారు. ఖాళీ చేసే తేదీ దగ్గరపడేకొద్దీ ఫ్రిజ్ ధర పడిపోతుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరి, నలుగురితో ఫ్లాట్ పంచుకునే అమ్మాయికి ఇది నిజంగా మేలు. బాగున్న వస్తువు చెత్తకుప్పకు పోకుండా మరో ఇంటికి పోవడమూ మంచిదే. అయితే చూసి కొనాలి. ఫ్రిజ్‌ను ముందురోజు నుంచే ఆన్ చేసి ఉంచమని అడగాలి. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగితే సులువుగా జారి వచ్చిందంటే రబ్బరు పాడైనట్టే. వాషింగ్ మెషీన్‌ను నీళ్ళతో తిప్పించి చూడాలి. పరుపు కుట్ల వెంట నల్లులున్నాయేమో, మంచం కోళ్ళకు చెద పట్టిందేమో వెతకాలి. కుక్కర్ కొంటే గాస్కెట్, సేఫ్టీ వాల్వు కొత్తవి వేయించుకోవాలి. గ్యాస్ సిలిండర్ మాత్రం కొనకూడదు, దాన్ని ఎవరి పేరున ఉందో వాళ్ళు ఏజెన్సీకే అప్పగించాలి. ట్రాలీ ఆటో కిరాయి కూడా కలుపుకుంటే చాలా ‘చవక’లు అంత చవక కావని తెలుస్తుంది.

ఇదంతా వస్తువు గురించిన తెలివి. ఎవరి దగ్గర, ఏ స్థితిలో కొంటున్నామన్నది కూడా తెలివిలో భాగం కాదా?

ఆడవాళ్ళ బేరాల మీద మనకు బోలెడు జోకులున్నాయి. కంపెనీ కాంట్రాక్టులో రేటు తగ్గించిన మేనేజరును సమర్థుడంటారు. అదే పని కూరల బండి దగ్గర చేసిన ఇల్లాలిని పిసినారి అంటారు. సంపాదన తన చేతిలో లేని స్త్రీకి బేరంలో మిగిలిన పది రూపాయలే సొంత సొమ్ము. పోపుల డబ్బాల్లో దాచిన డబ్బు చాలా ఇళ్ళను గండం గట్టెక్కించింది. కాబట్టి బేరమాడటం తప్పని నేను అనను. ఎదుటి మనిషికి ‘ఇవ్వను, వెళ్ళిరండి’ అనే వీలున్నంతవరకూ అది ఇద్దరూ సమానంగా ఆడే ఆట. ఆ వీలు లేదని గమనించి, దాన్నే ఆసరా చేసుకుని ధర చెప్పినప్పుడు అన్యాయం మొదలవుతుంది. డాలర్ల జీతానికి వెళుతున్న కుటుంబం సోఫాను సగం ధరకు వదులుకుంటే వాళ్ళకు పెద్దగా పోయేదేమీ లేదు. ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక ఊరికి వెళ్ళిపోతున్న ఇంట్లో అదే సోఫాకు అదే ధర అడగడం వేరు. వస్తువూ, ధరా మారలేదు. మారింది కాదనగల శక్తి.

అమ్మే ఇంట్లోనే ఆ శక్తి లేని మనిషి ఉండవచ్చు. ధరల పట్టిక సాధారణంగా భర్త తయారుచేస్తాడు. అందులో ఆమె పుట్టింటివాళ్ళు పెట్టిన గ్రైండరూ, కుట్టు మిషనూ, ఇత్తడి సామానూ ఉంటాయి. ఆమె తన ఉద్యోగం వదులుకుని హెచ్-4 వీసా మీద వెళుతూ ఉండవచ్చు. 2015లో కొందరికి పని అనుమతి వచ్చేదాకా ఆ వీసా మీద వెళ్ళిన భార్యలకు అక్కడ ఉద్యోగం చేసే హక్కే లేదు. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, భర్త ఇంట్లో ఉన్నంత మాత్రాన ఉమ్మడి ఆస్తి అయిపోదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. 2024లో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, ఆమె అధికారం ఇవ్వకపోతే కన్నతండ్రి కూడా దాన్ని అడగలేడని తీర్పిచ్చింది. తండ్రికే లేని హక్కు ధరల పట్టిక రాసినవాడికి ఎక్కడిది? కొనేవాళ్ళం కోర్టు తీర్పులు చదివి వినిపించనక్కర్లేదు. డబ్బు ఇచ్చేముందు ‘ఏమండీ, ఇది అమ్మడం మీకిష్టమేనా?’ అని ఆమెనే ఒక మాట అడగవచ్చు.

ఇక ఈ సేల్‌కు కొనుగోలుదారుగా ఎవరూ పిలవని మనిషి మరొకామె ఉంది. ఆ ఫ్రిజ్‌ను ఏళ్ళ తరబడి తుడిచింది ఆమే. దాని తలుపు సరిగా పడదని యజమానురాలికన్నా ముందు తెలిసిందీ ఆమెకే. కొనడానికి వచ్చినవాళ్ళను ‘మీరు’ అంటారు, ఆమెను ‘నువ్వు’ అంటారు. అమ్ముడుపోనివి మిగిలితే ‘తీసుకుపో’ అంటారు. లేదా ఆఖరి నెల జీతంలో పట్టుకుని, ఆమె అడగని మిక్సీని అంటగడతారు. ఇచ్చినవాళ్ళకు అది దానంలా కనిపిస్తుంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం వేతనాన్ని డబ్బుగానే ఇవ్వాలని మామూలు నియమంగా పెట్టడానికి కారణం ఉంది. డబ్బు చేతిలో ఉంటే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో కూలి చేసిన మనిషే తేల్చుకుంటుంది. వస్తువు చేతిలో పెడితే ఆ నిర్ణయం యజమాని చేతిలోనే ఉండిపోతుంది. ఆమెకు పిల్ల ఫీజు కట్టాల్సి ఉండవచ్చు. మిక్సీతో ఫీజు కట్టలేదు కదా!

‘ఇంత ఆలోచిస్తే పాత కుర్చీ కూడా కొనలేం’ అనేవాళ్ళుంటారు. కొనేవాళ్ళం ప్రతి ఇంటి కథా తవ్వితీయడం కుదరదు, మర్యాదా కాదు. అమ్మేవాళ్ళ చేతిలో మాత్రం కొంత ఉంది. జీతం, బోనసు ముందు లెక్కకట్టి డబ్బుగా ఇచ్చేయాలి. ఆ తర్వాత ధరల పట్టిక బయటివాళ్ళకంటే ముందు ఆమె చేతికివ్వాలి. చదవడం రాకపోతే చదివి వినిపించాలి. నచ్చితే బేరమాడుతుంది, నచ్చకపోతే వద్దంటుంది. ఆమె వద్దన్న మిక్సీ కావలసినవాళ్ళు వేరే ఎవరైనా వస్తారు.