మందు నెంచుకొనుట యెవరి వంతు?

బాధ నోర్చుకొనుట గొప్ప గుణమని పెద్దలు నేర్పిరి. నిజమే. కాని మందుతో తగ్గగల బాధను దాచిపెట్టుటయు ఓర్పేనా? ఈ ప్రశ్న నాకు పుస్తకములవలన గాక పాదములవలన కలిగినది.

ఇరువది యేండ్లుగా నాకు మధుమేహము కలదు. దానివలన కాలి నరములు చెడి, రాత్రియగుసరికి అరికాళ్ళు నిప్పులపై నుంచినట్లు మండును. దుప్పటి తగిలినను సహింపజాలను. చూచువారికి గాయము గాని వాపు గాని కనబడదు. సామాన్యమైన నొప్పి మాత్రలు ఇట్టి బాధపై అంతగా పనిచేయవు. చిరకాలము మ్రింగినచో మూత్రపిండములకు హాని. అయినను పలువురు దుకాణమున వానినే యడిగి కొందురు. నేనును కొంటిని.

నరముల నొప్పికి వాడు మందులు వేరు. అమిట్రిప్టిలిన్ మొదట మనోవ్యాకులతకును, గాబాపెంటిన్ మూర్ఛవ్యాధికిని వచ్చినవి. ఈ బాధకు నుపకరించునని తరువాత తెలిసినది. మొదటిదానివలన నోరెండుట, మగత, వృద్ధులకు మూత్రము బిగియుట కలుగవచ్చును. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్‌లవలన తల తిరుగుట, కాళ్ళ వాపు రావచ్చును. మూత్రపిండముల శక్తినిబట్టి వాని మోతాదు నిర్ణయింపవలెను. 2015లో వెలువడిన యొక సమీక్ష ప్రకారము, మందులేని ఉత్తుత్తి మాత్రతో పోల్చగా, అమిట్రిప్టిలిన్ జాతి మందువలన సుమారు నలుగురిలో నొకరికిని, ప్రెగాబాలిన్ వలన ఎనమండ్రలో నొకరికిని మాత్రమే అదనముగా సగము బాధ తగ్గినది. కనుక సంపూర్ణ నివారణ నెవరును వాగ్దానము చేయజాలరు.

వైద్యుడు నాకు అమిట్రిప్టిలిన్ నిచ్చెను. మంట తగ్గి నిద్ర పట్టినది. కాని మరునాటి సాయంకాలమునకును మగత వదలలేదు. కన్నడ బడిలో చదువు మా మనుమరాలికి దీపాలవేళ పోతనగారి భాగవతము చదివి వినిపించుట నా యలవాటు. ఆ పిల్లకు తెలుగు అక్షరము ఇంటనే దొరకవలెను. నాలుగు దినములు పుస్తకము ముందు కునికితిని. అయిదవనాడు, "తాతా, నిద్రొస్తే పడుకో, రేపు చదువుదాంలే" అని పుస్తకము మూసినది.

ఎవరికిని చెప్పక మాత్ర మానివేసితిని. వైద్యుడడుగగా "బాగున్న"దంటిని. రాత్రులు నడవలో తిరుగుచుంటిని. దానిని ఓర్పనుకొంటిని. చివరకు నా భార్యయే ఆయనకు నిజము చెప్పినది. అప్పుడాయన, "మీరు దేనిని వదులుకోలేరో ముందే చెప్పి ఉండవచ్చునే!" అనెను. "సాయంకాలము ఒక గంట మెలకువ" అంటిని. 25 మిల్లీగ్రాముల మోతాదును 10కి తగ్గించిరి. మంట కొంత నిలిచినది. మగత చాలవరకు పోయినది.

మా తిరుమణి ప్రాంతమున 2018 నుండి సూర్యవిద్యుత్ కేంద్రము నడుచుచున్నది. రైతులు భూమి నమ్మక, మొదట ఎకరమునకు ఏటా 21,000 రూపాయల వంతున కౌలుకిచ్చిరి. ఏమి ఇచ్చుచున్నాము, ఏమి నిలుపుకొనుచున్నామని యింటింట లెక్క చూచుకొనిరి. మందు విషయమున మాత్రము మన మట్టి లెక్క చూడము.

మందు గుణము వైద్యునికి తెలియును. ఏది పోయిన మన బ్రతుకు బ్రతుకు కాదో మనకే తెలియును. ఆ రెండవది చెప్పకున్న, మొదటిది ఎంత తెలిసినను ఆయనకు దారి దొరకదు. చెప్పి, తగిన మందు పుచ్చుకొని, అటుపైన మిగిలిన బాధను సహించుటయే ఓర్పు. నా పాదము లిప్పటికిని మండుచునే యున్నవి. మనుమరాలు మాత్రము గజేంద్రమోక్షము వరకు వచ్చినది.